మెదడునకు జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయమున భారత భాగవతాదులును, నవలలును, వార్తాపత్రికలును చదువరులకు అందుచున్నవి. శాస్త్రగ్రంథములున్న బీరువా మాత్రము తక్కినవానికంటె తక్కువగా తెరువబడుచుండును. ఆ బీరువాకు చెందిన విషయమొకటి నేటి ప్రసంగమునకు ఎన్నుకొనబడినది. మనుష్యుని మెదడును, అందలి నాడీకణములను కంప్యూటరునందు లెక్కలుగా కట్టి నడిపి చూచు విద్య యొకటి లోకమున పెరుగుచున్నది. అది యెట్టిది, ఎంతవరకు సాగినది, దానివలన రోగులకు కలుగు మేలేమి, దాని నెంతవరకు నమ్మవచ్చును అనునదియే విషయము.

బాన్సువాడ చుట్టుపట్ల ఈ సంగతి వచ్చినప్పుడు రెండు విధముల మాటలు వినబడును. యంత్రమునకు మనుష్యుని మెదడు పెట్టినారట, ఇక పిల్లలకు చదువేల అని కొందరు. మెదడును లెక్కపెట్టుట యేమి, అది యంతయు బూటకమని మరికొందరు. మొదటి మాట పిల్లవాని చదువునకు హాని; రెండవ మాట రోగికి హాని. కావున ఉన్నది ఉన్నట్లు తెలిసికొనుట మంచిది.

మనుష్యుని మెదడున సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక్కొక్క కణమునకు చుట్టును పలుచని పొర యొకటి యుండును. పొరకు వెలుపల సోడియము మిక్కుటము. లోపల పొటాసియము మిక్కుటము. సోడియమనునది నిత్యము తిను ఉప్పులో నున్నదే. ఈ హెచ్చుతగ్గులవలన పొర లోపల విద్యుత్తు మట్టము వెలుపలికంటె, వోల్టును వేయి భాగములు చేసిన అందులో సుమారు 70 భాగములు, తక్కువగా నిలిచియుండును.

నిజాంసాగరము కాలువ క్రింద సేద్యము చేయువారికి దీనిని తెలియజెప్పుట సులభము. మంజీరానదిపై 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆ జలాశయమున నీరు ఎత్తున నిలిచియుండును. తూములు మూసియున్నంతకాలము కాలువ ఎండియుండును. తూమెత్తినంతనే నీరు తనంతట తాను పరుగెత్తును. నాడీకణపు పొరలోను అట్టి తూములున్నవి. అయితే కాలువ తూమును మనుష్యుడెత్తవలెను. కణపు తూము లోపలి విద్యుత్తు మట్టమును బట్టి తానే తెరచుకొనును. మట్టము కొంచెము పెరిగినంతనే సోడియపు తూములు కొన్ని తెరచుకొనును. సోడియము లోపలికి వచ్చును. దానివలన మట్టము ఇంకను పెరిగి, మరికొన్ని తూములు తెరచుకొనును. ఇట్లు సెకనులో వేయవ వంతు కాలమున మట్టము ఎగసి, అంతలో సోడియపు తూములు మూసికొని, పొటాసియపు తూములు తెరచుకొని, మట్టము మరల దిగిపోవును. ఈ ఎగసి దిగుటయే నాడీస్పందనము. అది తీగవంటి తంతువువెంబడి పోయి వేరు కణములకు వార్త నందించును.

లోపలికి వచ్చిన సోడియమును మరల వెలికి తోడుటకు పొరలో పంపులు కలవు. ఆ పంపులకు కూలిగా చెల్లునది ఏ.టీ.పీ. అను పదార్థము. 1929లో అమెరికాలోని హార్వర్డునందు ఫిస్కేతో కలసి ఆ పదార్థమును వేరుచేసి చూపినవారు, 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఈ రాకపోకలకు మొట్టమొదట సరియైన లెక్క కట్టినవారు ఇంగ్లండునందలి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు. సముద్రమున స్క్విడ్ అను ప్రాణి కలదు. దాని నాడీతంతు వొకటి కంటికి కనబడునంత లావు. ఆ తంతువులోనికి సన్నని తీగ చొప్పించి, ఏ మట్టమున ఎంత సోడియము వచ్చుచున్నదో, ఎంత పొటాసియము పోవుచున్నదో కొలిచి, వానికి సమీకరణములు వ్రాసి, 1952లో ప్రకటించిరి. లెక్క చేయవలసిన వేళకు కేంబ్రిడ్జిలోని కంప్యూటరు మార్పులకై నిలిపివేయబడియుండెను. అందుచేత హక్స్‌లీ చేతితో పిడి త్రిప్పు లెక్కల యంత్రము ముందు కూర్చుండి, అంకె వెంట అంకె వేసికొనుచు, ఎన్నో దినములు శ్రమించి కట్టెను. స్పందనము తంతువువెంబడి సెకనునకు 18.8 మీటర్ల వేగమున పోవలెనని లెక్కలో తేలినది. ప్రాణిలో కొలిచి చూడగా 21.2 మీటర్లు. ఆ ఇరువురును తేడాను దాచలేదు, రెండంకెలను ప్రకటించిరి. అంతకుముందు ఎవరును కట్టని లెక్క అంత దగ్గరకు వచ్చుట లోకమునకు ఆశ్చర్యము గొలిపినది. 1963లో ఎక్లిస్ అను మరియొక శాస్త్రజ్ఞునితోబాటు వారికి నోబెల్ బహుమానము లభించినది.

ఇంతకంటె తేలికయైన లెక్కయు కలదు. 1907లో ఫ్రాన్సు దేశీయుడగు లాపిక్ కప్ప నాడిపై చేసిన పరిశోధనలు దానికి మూలము. దానిని ఉన్నత పాఠశాల విద్యార్థి నోటుపుస్తకమున చేయవచ్చును. కణమును చిల్లికుండ యనుకొనుడు. విడతవిడతకు ఉన్న నిలువలో పదవ వంతు కారిపోవును. తరువాత 3 పాళ్ళు వచ్చి చేరును. నిలువ 15 దాటినచో కణము ఒక స్పందనమును పంపి, తన నిలువను సున్న చేసికొనును. మొదటి విడతకు నిలువ 3. రెండవ విడతకు 2.7 మిగిలి, 3 చేరగా 5.7. మూడవదానికి 8.13, నాలుగవదానికి 10.32, అయిదవదానికి 12.29; ఆరవదానికి 14.06, ఏడవదానికి 15.65. కావున ఏడవ విడతకు స్పందనము. రాబడిని 6 చేసినచో మూడవ విడతకే స్పందనము వచ్చును. 2 చేసినచో పదునాలుగవ విడతకు గాని రాదు. రాబడి 1 మాత్రమే యైనచో ఎన్ని విడతలు గడచినను నిలువ 10 దాటదు, స్పందనమే యుండదు. కొద్దిపాటి వార్తను విననట్లుండి, గట్టి వార్తకు వెంటనే పలుకుట నాడీకణపు స్వభావము. ఆ స్వభావము ఈ చిన్న లెక్కలోనే కనబడుచున్నది.

కంప్యూటరు చేయు పనియు ఇట్టిదే. ఒక కణము స్పందించినపుడు దానితో సంధిగల ఇతర కణముల రాబడికి కొంత కలుపును, లేక తీసివేయును. నోటుపుస్తకమున ఒక కణమునకు ఏడు పంక్తులు పట్టినచో, అచ్చట లక్షల కోట్ల పంక్తులు క్షణక్షణమును నడుచును.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. ఈనాడు అడిగిన ప్రశ్నకు జవాబు వ్రాయు యంత్రములు వచ్చినవి. వానిలోని కృత్రిమ నాడీజాలములకు 1943లో మెకలాక్, పిట్స్ అనువారు నాడీకణమును మిక్కిలి సరళముచేసి వ్రాసిన గణితము మూలమే. మద్రాసు ఐ.ఐ.టి.లో బోధించిన యజ్ఞనారాయణగారు ఈ కృత్రిమ నాడీజాలములపై ఆంగ్లమున వ్రాసిన పాఠ్యగ్రంథము 1999లో వెలువడినది. అయితే అట్టి యంత్రము మెదడునకు నకలు కాదు. పక్షిని చూచి విమానము కట్టినను విమానము గ్రుడ్లు పెట్టదు. మెదడు ఎట్లు పనిచేయుచున్నదో తెలిసికొనుటకు కట్టు లెక్క వేరు; పని జరుపుకొనుటకు కట్టు యంత్రము వేరు. నేటి ప్రసంగము మొదటిదానిని గూర్చినది.

ఆ మొదటిది ఎంతవరకు సాగినదో చూతము. మట్టిలో బ్రతుకు ఒక సన్నని పురుగునకు 302 నాడీకణములు మాత్రమే యున్నవి. ఏ కణమునకు ఏ కణముతో సంధి కలదో తెలుపు పటము 1986లోనే ప్రకటింపబడినది. అయినను ఆ పురుగు నడత యంతయు నేటికిని పూర్తిగా లెక్కకు చిక్కలేదు. పటమున దారులు తెలియును గాని, ఏ దారిని ఎప్పుడు ఎంత బరువు పోవునో తెలియుట కష్టము. 2013లో జపాను దేశమున 82,944 గణనభాగములు గల మహాయంత్రముపై 173 కోట్ల నాడీకణములను, 10.4 లక్షల కోట్ల సంధులను నడిపి చూచిరి. మనుష్యుని మెదడులో నూటికి రెండు వంతుల కణములకు, ఒక్క సెకను కాలపు లెక్కకు, 40 నిమిషములు పట్టినది. 2015లో స్విట్జర్లాండునందు ఎలుక మెదడులోని ఆవగింజపాటి లేని తునకకు సుమారు 31,000 కణములతో మిక్కిలి వివరముగా లెక్క కట్టిరి. 2024లో పండ్లపై వ్రాలు చిన్న యీగ మెదడునకు, సుమారు 1,39,000 కణములకు, పూర్తి పటము వెలువడినది. ఆ పటముపై పైని చెప్పిన చిల్లికుండ వంటి లెక్కనే నడుపగా, తీపి తగిలినపుడు ఈగ తొండము చాచుటకు ఏ కణములు పలుకవలెనో లెక్క చెప్పినది. ఈగలపై చేసిన పరీక్షలలో చాలవరకు అట్లే జరిగినది.

మనుష్యుని మెదడు విషయమున తొందరపాటు వాగ్దానములును జరిగినవి. యూరపు ఖండమున 2013లో మానవ మస్తిష్క ప్రణాళిక యని గొప్ప పథకము మొదలైనది. 2014లో వందలకొలది శాస్త్రజ్ఞులు దాని మార్గమును ఆక్షేపించుచు బహిరంగలేఖ వ్రాసిరి. పథకము 2023లో ముగిసినది. మనుష్యుని మెదడు సంపూర్ణముగా కంప్యూటరున వెలసినది లేదు. అయితే ఫలమేమియు లేదనుట సరికాదు. మూర్ఛరోగుల మెదడు చిత్రములను బట్టి ఒక్కొక్క రోగికి వేరువేరుగా లెక్క కట్టి, మూర్ఛ ఎచ్చట పుట్టుచున్నదో శస్త్రవైద్యునకు సూచించు పద్ధతిని ఫ్రాన్సు ఆసుపత్రులలో పరీక్షింప మొదలిడిరి. పెద్ద మాట నిలువకపోయినను చిన్న మేలు నిలిచినది.

ఇక ఈ విద్య తెలుగువారి చేతులలో ఏమి చేయుచున్నదో చెప్పవలెను. వృద్ధులకు వచ్చు వణుకు రోగము అందరును ఎరిగినదే. ఆయుర్వేదమున కంపవాతమందురు. ఇంగ్లండునందలి వైద్యుడు పార్కిన్సన్ 1817లో దీనిని వర్ణించుటవలన ఆయన పేరు నిలిచినది. విశ్రాంతిగా నున్న చేయి సెకనునకు నాలుగు మొదలు ఆరు సార్లు వణకును. నడక చిన్నదగును, వ్రాత సన్నదగును, ముఖమున నవ్వు కనబడదు. మెదడు అడుగుభాగమున నల్లని కణముల సమూహమొకటి కలదు. అవి డోపమీను అను రసమును పుట్టించును. ఆ కణములు నశించుటచే ఈ రోగము కలుగును. రోగికి ఇచ్చు ఎల్-డోపా యను మందు దూలగొండి గింజలలో కలదని 1937లో దామోదరన్, రామస్వామి అను భారతీయ శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపిరి. అంతమాత్రమున గింజలు నూరి త్రాగరాదు. మోతాదు తప్పినచో హాని. వైద్యుడే నిర్ణయింపవలెను.

డోపమీను చేయు పనిని లెక్కల భాషలో చెప్పుట సులభము. ఎదురుచూచిన దెంత, వచ్చిన దెంత, ఆ రెంటికి గల తేడా యెంత అని తెలుపు సంకేతమది. తేడా ఎక్కువైన ఆ పని మరల చేయుమనియు, తక్కువైన మానుమనియు మెదడు నేర్చుకొనును. ఈ నేర్పునకు నెలవులగు కణసమూహములకు బేసల్ గాంగ్లియా యని పేరు. మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులగు వి. శ్రీనివాస చక్రవర్తిగారు ఈ సమూహములకు గణితనమూనాలు కట్టుటలో పేరుగాంచినవారు. విజ్ఞాన గ్రంథములను తెనిగించినవారును. హైదరాబాదున ఇదే విద్యయందు కృషిచేసిన సూరంపూడి బాపిరాజుగారును, చక్రవర్తిగారును, డెన్నీ జోసెఫ్‌గారును కలసి 2010లో ఈ సమూహములు చేయు పనిని గూర్చి వ్యాసము ప్రకటించిరి. ఆరోగ్యవంతుని మెదడులో అచ్చటి కణములు ఎవరి త్రోవను వారు పలుకుచుండుటయే క్రొత్త మార్గములు వెదకుటకు సాయమనియు, డోపమీను తగ్గినపుడు అవి యన్నియు ఒక్క తాళమున పడుననియు వారి నమూనా చెప్పుచున్నది. కాలువక్రింది రైతులు వంతులవారీగా తూములెత్తినచో అందరి పొలములును తడియును. అందరును ఒక్కసారే ఎత్తి, ఒక్కసారే దించినచో కాలువ పొంగుచు, ఎండుచు ఊగిసలాడును. రోగి మెదడున జరుగునది ఇట్టిదని తలపవచ్చును.

వణుకు రోగి ఇరుకు ద్వారము దగ్గరకు వచ్చి నడక మందగించుట, ఒక్కొక్కప్పుడు గడప ముందు నిలిచిపోవుట వైద్యులెరిగిన విషయము. బయట బాగుగా నడచివచ్చిన ముసలివాడు గడప యొద్ద నిలువగా, మొండితనమని, వేషమని ఇంటివారు కసరుకొనుట కలదు. 2014లో చక్రవర్తిగారి ప్రయోగశాలవారు ఈ నడకకే లెక్క కట్టిరి. నమూనాలో డోపమీను సంకేతమును తగ్గించిన మాత్రమున, ద్వారము సమీపమున నడక మందగించినది. అనగా ఆ ముసలివాని కాలు ఆగుటకు మనస్సులోని మొండితనము కారణము కానక్కరలేదు. సంకేతమున వచ్చిన లోటు చాలును. ఈ ఒక్క సంగతి తెలిసిన ఇంట రోగికి కొంత దయ దొరకును.

మందులకు లొంగని కొందరు రోగులకు మెదడులోనికి సన్నని తీగ దించి, విద్యుత్తు పంపి వణుకు నాపు శస్త్రచికిత్స కలదు. అయితే వణుకు నిలిచినను కొందరిలో తొందరపాటు నిర్ణయములు పొడసూపును. తీగ మొన ఎచ్చట నిలిచినది, విద్యుత్తు ఎంత అనుదానిని బట్టి ఈ తొందరపాటు మారునని 2016లో అదే ప్రయోగశాలవారు నమూనా ద్వారా చూపిరి. మనుష్యుని తలలో తీగను పదిచోట్ల గుచ్చి చూచుట తగదు. లెక్కలో ఎన్నిసార్లయినను గుచ్చి చూడవచ్చును. ఈ విద్యకు గల ముఖ్యప్రయోజన మిదియే.

లెక్క సరిగా నుండుటకు కొలత స్థానికమై యుండవలెను. ఒక ఊరి పహాణీతో మరియొక ఊరి శిస్తు కట్టరు. చిరకాలము పాశ్చాత్యుల మెదడు పటములతోనే భారతీయ రోగుల చిత్రములను పోల్చుచుండిరి. 2019లో హైదరాబాదునందలి ఐ.ఐ.ఐ.టి.వారు తిరువనంతపురమందలి శ్రీచిత్ర తిరునాళ్ వైద్యసంస్థతో కలసి, నూరుగురు ఆరోగ్యవంతులగు యువజనుల చిత్రములతో భారతీయ మెదడు పటమును సిద్ధపరచిరి. సగటున భారతీయుల మెదడు పరిమాణము పాశ్చాత్యులదానికంటె కొంత చిన్నదని తేలినది. ఇది బుద్ధికి కొలత కాదు. కొలబద్ద వేరైనచో ఆరోగ్యవంతుని రోగిగా భ్రమించు ప్రమాదము కలదు గనుక అట్టి పటము అవసరమైనది.

ఇన్ని లెక్కలు విన్న పిమ్మట, దేనిని నమ్మవలెనను ప్రశ్న మిగులును. నన్నయగారి ఆరణ్యపర్వమున నలోపాఖ్యానము చదివినవారికి ఋతుపర్ణుని కథ జ్ఞాపకముండును. రథముపై పోవుచు ఆ రాజు ఒక తాండ్రచెట్టును చూచినంతనే దాని ఆకులును, కాయలును ఇన్నియని చెప్పెను. సారథి వేషమున నున్న నలుడు ఔనని తలయూపి ఊరకుండలేదు. రాజు తొందరపడుచున్నను రథము నాపి, చెట్టును పడగొట్టి, లెక్కపెట్టి చూచెను. సరిపోయిన పిదపనే ఆ విద్యను గ్రహించెను. రాజు లెక్క గొప్పదే. నలుడు సరిచూచుటయు అంతకు తక్కువది కాదు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు 18.8 ప్రక్కన 21.2 వ్రాయుట నలుడు చేసిన పనియే. ఈగ తొండమును పరీక్షించినవారును నలుడు చేసిన పనినే చేసిరి. మనుష్యుని మెదడు పదియేండ్లలో యంత్రమున నిలుపుదుమని చెప్పినవారి మాట మాత్రము చెట్టు దగ్గర ఆగక సాగిపోయినది.

కావున పత్రికలలో మెదడును కంప్యూటరున పెట్టిరను వార్త కనబడినపుడు చదువరులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. అది ఏ ప్రాణి మెదడు? ఎన్ని కణములకు కట్టిన లెక్క? సజీవప్రాణిలోని ఏ కొలతతో సరిచూచిరి? మూడవదానికి జవాబు లేనిచో ఆ వార్తను పక్కనబెట్టవచ్చును. జవాబు ఉన్నచో, యంత్రము కదా యని తృణీకరింపరాదు.

పహాణీలో వరి యని వ్రాసిన కాగితమునుండి గింజ రాలదు. కాని ఆ కాగితము సరిగా లేనిచో పొలము తగవు తీరదు. మెదడు లెక్కయు అట్టిదే. అది ఆలోచింపదు, బాధపడదు, మనుమని జూచి సంతోషింపదు. బాధపడువాని మెదడున లోటు ఎచ్చట పడినదో వెదకుటకు మాత్రము సాయపడును.

విద్యార్థులకు ఒక విన్నపము. ఇందాక చెప్పిన చిల్లికుండ లెక్కను ఇంటికి పోయి, రాబడిని 4 చేసి, కారుటను ఇరువదవ వంతు చేసి, స్వయముగా కట్టి చూడుడు. వచ్చిన జవాబులను గ్రంథాలయమునకు తెచ్చి ఒకరితో నొకరు సరిచూచుకొనుడు. శాస్త్రగ్రంథముల బీరువా తాళపుచెవి గ్రంథాలయమునందే యున్నది, అడిగినవారికి లభించును.